మూత మీద ఒక్క గీత

ఉదయం తొమ్మిదిన్నరకు టెస్ట్ కిట్ల నాణ్యత చూసే ఇన్‌స్పెక్టర్ తన టేబుల్ మీదే తల వాల్చి చనిపోయాడు. పక్కన సగం తాగిన కాఫీ. బిగిసిన గుప్పిట్లో తెల్లటి ప్లాస్టిక్ బిళ్ళ. జ్వరం రాపిడ్ టెస్ట్ కిట్, లాట్ నంబర్ పదిహేడు.

పదింటికల్లా ఆ బిళ్ళ సీక్రెట్ సర్వీస్ చీఫ్ చేతిలో ఉంది. ఎదురుగా ఏజెంట్ కందిరీగ. ఆ పేరు పెట్టింది శత్రువులే.

"దోమ ఒకటే. జ్వరం, ఒళ్ళునొప్పులు, దద్దుర్లు, అన్నీ ఒకేలా ఉంటాయి," అన్నాడు చీఫ్. "డెంగ్యూనా, చికున్‌గున్యానా? ఒక్క రక్తపు చుక్కతో పావుగంటలో ఇది చెబుతుంది. చికున్‌గున్యా అని వస్తే కీళ్ళనొప్పులకు గట్టి పెయిన్‌కిల్లర్ ఇస్తారు. అదే మందు డెంగ్యూ పేషెంట్‌కి పడితే?"

"లోపల రక్తం కారి ప్రాణం మీదికి రావచ్చు."

"పదకొండింటికి ఈ లాట్ రెండొందల ఆసుపత్రులకు బయల్దేరుతుంది. పరాయి ముఠా ఒకటి దీన్ని పాడుచేసిందని అనుమానం. మన కిట్ల వల్ల జనం చచ్చారని గోల లేవాలి, మర్నాడే మార్కెట్లోకి వాళ్ళ కిట్లు దిగాలి, అదీ వాళ్ళ ప్లాను. కానీ సెంట్రల్ లాబ్ ఈ లాట్ పాసంటోంది. రుజువు లేకుండా వ్యాన్లు ఆపలేను. అక్కడ మన మనిషి ముత్యం ఉంది, సాయం చేస్తుంది."

చీఫ్ ఒక పెన్ను అందించాడు. "కెమెరా, మైకు ఉన్నాయి. ఇదైనా పారేసుకోకు."

కారెక్కగానే బావ ఫోన్.

"ఒరేయ్, బతికిపోయాంరా! మీ అక్కది డెంగ్యూ కాదట. చికున్‌గున్యా అని పొద్దున్నే రిపోర్టొచ్చింది. పదకొండింటికి నొప్పుల ఇంజక్షన్ ఇస్తారు."

"ఏ కిట్టుతో చూశారు బావా?"

"ఏదో కొత్త డబ్బా విప్పారు."

"ఆ ఇంజక్షన్ వద్దను!"

"పిచ్చెక్కిందా? అది నొప్పికి విలవిల్లాడుతోంది. డాక్టర్ రాసింది ఆపడానికి నేనెవర్ని? నీ దగ్గర వేరే రిపోర్టుంటే పట్రా."

ఫోన్ పెట్టేశాడు. కందిరీగ ఒళ్ళు మండిపోయింది. అమ్మ పోయాక తనకు అన్నం కలిపి పెట్టింది అక్క చెయ్యే. ఆ చేతికి ఇప్పుడు సూది గుచ్చబోతున్నారు.

పదిన్నరకు అతను ఫ్రిజ్ మెకానిక్ వేషంలో సెంట్రల్ లాబ్‌లో ఉన్నాడు. పై అంతస్తులోనే అక్క వార్డు, అక్కడి రక్తాలు పరీక్షించేదీ ఈ లాబే.

"ఫ్రీజర్‌లో మంచు పేరుకుందట," అన్నాడు.

"కరిగించేవాళ్ళే కరువయ్యారు," అంది తెల్లకోటులో ఉన్న అందగత్తె. కోడ్ సరిపోయింది. చెవులకు ముత్యాలు. ఫినాయిల్ వాసనను మింగేసే సెంటు.

"లాట్ శుభ్రం," అంది ముత్యం. "నేనే దగ్గరుండి చెక్ చేయించా. చెకింగ్ కోసం ఫ్రీజర్‌లో దాచిన డెంగ్యూ రక్తం సీసాలోని చుక్కకి డెంగ్యూ చూపించింది, చికున్‌గున్యా చుక్కకి చికున్‌గున్యా. ముఠా గురి గోడౌన్ మీద. అక్కడికి పరిగెత్తు."

ఆమె చెప్పి వెళ్ళిపోయింది. అంతలో ఫ్రీజర్ వైపు నుంచి కేకలు.

"ఏ వెధవరా నా సీసాలు ముట్టుకుంది? రెండ్రోజులు సెలవు పెడితే ఇంత అన్యాయమా!"

లాబ్ హెడ్ టెక్నీషియన్. రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ మనిషి, అందరికీ తాత. చేతిలో రెండు చిన్న సీసాలు.

"ఏమైంది తాతా?"

"చల్లదనానికి లేబుళ్ళు ఊడిపోతాయని నేను మూత మీదే గీస్తా. డెంగ్యూకి ఒక్క గీత, చికున్‌గున్యాకి రెండు. ఇదిగో, ఒక్క గీత సీసాకి చికున్‌గున్యా లేబులు! ఎవరో మార్చి అంటించారు."

కందిరీగకు అంతా అర్థమైంది. కిట్టులో డెంగ్యూ, చికున్‌గున్యా పట్టీలు తారుమారు. చెక్ చేసే సీసాల లేబుళ్ళూ తారుమారు. తప్పుకు తప్పు తోడైతే లాట్ పాసవక ఏమవుతుంది? దగ్గరుండి చేయించింది ముత్యం.

గుర్తింపు కార్డు చూపించి అరిచాడు. "తాతా, పైన మా అక్కకి పదకొండింటికి ఇంజక్షన్! రిపోర్టు లేకుండా నా మాట వినరు, నువ్వు వార్డుకి ఫోన్ చెయ్యి!"

"ఫలితం కంటితో చూడకుండా నేను ఏ వార్డుకీ ఫోన్ చెయ్యలేదు, చెయ్యను." తాత అప్పటికే సొరుగులోంచి పాత లాట్ కిట్టు తీశాడు. ట్రేలో అక్క పేరున్న రక్తం ట్యూబు వెతికి చుక్క వేశాడు. పది నలభై మూడు.

"పావుగంట."

"త్వరగా కాదా?"

"నువ్వు పిస్టల్ పెట్టి బెదిరించు. అయినా పావుగంటే."

పది యాభై ఆరుకు నిజంగానే పిస్టల్ వచ్చింది. ముత్యం చేతిలో.

"ఆ బిళ్ళ ఇటివ్వు తాతా."

"ఎంతమంది చస్తారో తెలుసా నీకు?" కందిరీగ ఒక అడుగు ముందుకేశాడు.

"జ్వరాలతో రోజూ చస్తూనే ఉన్నారుగా. కొందరు ఎక్కువ, అంతే."

ఆ మాటతో అతనిలో ఏదో తెగింది. ఆమె పక్కనే తెరిచి ఉన్న ఫ్రీజర్ తలుపును బలంకొద్దీ తన్నాడు. తలుపుకీ ఫ్రీజర్‌కీ మధ్య ఆమె మణికట్టు నలిగింది. గుండు సీలింగులోకి, పిస్టల్ నేల మీదికి.

తాత అటు చూడనే లేదు. బిళ్ళ మీదే కళ్ళు. పది యాభై ఎనిమిది. ఇంటర్‌కమ్ అందుకున్నాడు.

"సిస్టర్! మంచం నంబర్ ఆరు. డెంగ్యూ. సిరంజి కింద పెట్టు."

అవతల నర్సు గొంతు. "స్పిరిట్ రాసేశా తాతగారూ. ఇంకో క్షణమైతే గుచ్చేదాన్ని."

కందిరీగ చీఫ్‌కి ఫోన్ కొట్టాడు. పదకొండింటికి ఒక్క వ్యానూ కదల్లేదు.

మూడు రోజులు ప్రశ్నించినా ముత్యం నోరు విప్పలేదు. లేబుళ్ళు తనకు తెలీవంది, కిట్లు తనకు తెలీవంది. నాలుగో రోజు ఆమెకే జ్వరమొచ్చింది. లాకప్‌లో దోమలకు లోటు లేదు.

తాత కిట్టు పట్టుకుని వెళ్ళాడు. వెనకే కందిరీగ.

ఆమె కవర్ మీది నంబర్ చూసి గోడకు ఒదిగిపోయింది. "పదిహేడా? వద్దు! అందులో పట్టీలు మేం మార్చినవి! పాత లాట్‌తో చూడు, నీకు దణ్ణం పెడతా తాతా!"

"పాతదే తెచ్చాలేమ్మా, కవరొక్కటే పదిహేడు," అన్నాడు తాత, సూది తీస్తూ.

కందిరీగ జేబులోని పెన్ను మీట మెల్లగా నొక్కి రికార్డింగు ఆపాడు. ఈ మొత్తం కేసులో అది పనికొచ్చింది ఆ ఒక్క నిమిషమే.