ఏడో నంబరు శనగ కట్ట

"విత్తనాల ల్యాబ్‌లో పాత ఆయా నిన్న చనిపోయింది. విషం," అన్నాడు చీఫ్ ఫోన్‌లో. "ఇవాళ్టి నుంచి ఆ చీపురు నీది. పిడిలో బటన్ ఉంది. నొక్కితే సెక్యూరిటీ వస్తుంది."

 ఫోన్ అందుకున్నామెది ఇరవై ఏళ్ల సర్వీసు, ఇద్దరు పిల్లలు. నిఘా డిపార్ట్‌మెంట్‌లో అందరికీ పిన్ని.

"విదేశీ ముఠాకు కావలసింది ఏడో నంబరు శనగ కట్ట. పన్నెండేళ్ల పరిశోధన, పిన్నీ. మామూలు శనగ ఎండాక యంత్రంతో కోస్తే బోలెడన్ని కాయలు నేలపాలవుతాయి. ఇది నిటారుగా పెరుగుతుంది, కాయ తొడిమను వదలదు. మిగతా విత్తనాన్ని వాళ్లు పోయిన వారం గోదాముతో సహా తగలబెట్టారు. మిగిలింది ఆ ఒక్క కట్టే. పదకొండింటికి మనవాళ్లు తీసుకెళ్తారు. లోపల మన ఏజెంట్ ఉంది. కోడ్, 'తేమెంత?' జవాబు, 'తొమ్మిదిన్నర'."

పొడవాటి గది. కొక్కేలకు తలకిందులుగా వేలాడుతున్న ఎండు మొక్కల కట్టలు. ఒక్కోదానికి నంబరు చీటీ. తొమ్మిదింటికి పిన్ని గదంతా ఊడ్చింది. పది దాటాక ల్యాబ్ మేడమ్ వచ్చింది. సిల్కు స్కార్ఫు, భుజాన చార్టులు పెట్టుకునే గొట్టం, ఆ దుమ్ములో అస్సలు పొసగని సెంటు వాసన.

"తేమెంతమ్మా?" అడిగింది పిన్ని.

"తొమ్మిదిన్నర." కోడ్ సరిపోయింది. "హమ్మయ్య, వచ్చావా అక్కా! ఒక్కదాన్నే ఉండాలంటే ప్రాణం పోతోంది."

పిన్ని గుండె కాస్త కుదుటపడింది. ఆమెను కాపలా ఉంచి, పొద్దుటి చెత్త గుమ్మం బయట పారబోసి వచ్చి మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది. ప్రతి కట్ట కిందా కొన్ని కాయలు రాలి ఉన్నాయి. చేట నిండింది. ఏడో కొక్కెం దగ్గర చీపురు ఆగిపోయింది.

కింద నాలుగు కాయలు.

ఏడో నంబరు కాయ రాల్చదు. అంటే పైన వేలాడుతున్నది ఏడో నంబరు కాదు, దాని చీటీ మాత్రమే. పదకొండింటికి మనవాళ్లు భద్రంగా మోసుకుపోయేది మామూలు శనగ. తాను ఊడ్చాక ఈ గదిలోకి వచ్చింది ఒక్క మనిషే.

"ఏంటక్కా, బొమ్మలా నిలబడ్డావ్?"

"నడుం పట్టేసిందమ్మా."

మేడమ్ చూపు నేల మీదికి దిగింది. నవ్వు మాయమైంది. చేతిలోని లిప్‌స్టిక్‌లోంచి సన్నటి సూది బయటికొచ్చింది.

"పాత ఆయాకీ ఇలాగే అన్నీ కనిపించేవి. పిల్లలున్నారుగా నీకు? చీపురు కింద పెట్టు."

 బటన్ మీద పిన్ని బొటనవేలు బిగుసుకుపోయింది. ఏడుపొస్తోంది. బయట మేడమ్ కోసం ఆగిన కారు స్టార్టయిన చప్పుడు. పది యాభై ఎనిమిది.

చీపురు పెడుతున్నట్టే వంగి, చేటలోని చెత్తంతా ఆ అందమైన ముఖాన కొట్టింది. శనగ నుసి కంట్లో పడితే మంట మామూలుగా ఉండదు. మేడమ్ కెవ్వుమంది. సూది పిన్ని చేతి పక్కనుంచి పోయి కొంగులో దిగింది. అప్పుడు కదిలింది బొటనవేలు.

సెక్యూరిటీ వాళ్లు మేడమ్ రెక్కలు విరిచి పట్టుకున్నారు. పిన్ని గొట్టం మూత తీసి, లోపలి కట్టను తలకిందులుగా పట్టుకుని దులిపింది. ఒకసారి. రెండుసార్లు.

ఒక్క కాయా రాల్లేదు. ఆమె గోడవారన కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

మధ్యాహ్నం చీఫ్ ఫోన్ చేశాడు. "భయపడ్డావా, పిన్నీ?"

"అబ్బే, లేదు సార్." పళ్లు ఇంకా టకటకలాడుతూనే ఉన్నాయి.

"అయితే వచ్చెయ్."

"ఎలా రాను సార్? ఈ శనగను తయారుచేసిన సైంటిస్టుగారు నన్ను పర్మనెంట్ చేస్తామని పట్టుబట్టారు. మూలమూలలా ఇంత శుభ్రంగా చూసే ఆయా ఈ పన్నెండేళ్లలో దొరకలేదట!"