ఎనిమిది పళ్ళ జంతువు

అమెరికాలో, కాపెల్‌లోని స్కూల్ జిమ్‌లో సైన్స్ ఫెయిర్ జరుగుతోంది. నాలుగో గ్రేడ్ చదివే చరిత తన పోస్టర్ పక్కన నిలబడింది.

పోస్టర్ మీద భారత్‌థీరియం బొమ్మ ఉంది. డైనోసార్ల కాలంలో బతికిన చిన్న జంతువు అది. దొరికినవి ఎనిమిది పళ్ళు మాత్రమే. వాటిలో కొన్ని నాన్న ఊరు వికారాబాద్ దగ్గరే దొరికాయి. అందుకే ఇంట్లో అందరికీ అది సొంత జంతువైపోయింది. ఉడతలా చారలుంటాయంది అమ్మ. పందికొక్కులా ఉంటుందన్నాడు నాన్న ఫ్రెండ్ మోహన్ అంకుల్. మన ఎర్రమట్టి రంగే అన్నాడు నాన్న. ఎవరి మాట నమ్మాలో తోచక చరిత అన్నీ కలిపి వేసేసింది.

"ఎవరేం అడిగినా తెలీదని మాత్రం అనకు. పాయింట్స్ పోతాయి" అన్నాడు నాన్న, ఇక్కడికి వస్తుంటే కార్‌లో.

ఫస్ట్ గ్రేడ్ ఇషా వచ్చింది. "అక్కా, దీని తోక ఎంత పొడుగు?"

"ఒక ఫుట్" అంది చరిత, తడుముకోకుండా.

"నీకెలా తెలుసు?"

"సైంటిస్టులు కొలిచారు."

ఇషా బుద్ధిగా కాగితం మీద పొడుగాటి తోక గీసుకుంది. కాసేపటికి తన ఫ్రెండ్స్‌కి కూడా చెప్పడం మొదలుపెట్టింది. "ఒక ఫుట్ తోక. చరిత అక్క చెప్పింది."

చరితకి బుర్ర తిరిగిపోయింది. దొరికింది పళ్ళైతే తోక ఎక్కణ్ణుంచి వచ్చింది? తను అబద్ధం చెప్పిందా, లేక అది ఊహేనా? ఇప్పుడు నిజం చెబితే ప్రైజ్ పోతుందేమో. చెప్పకపోతే ఇషా అదే నిజమనుకుంటుంది. చాలా భయమేసింది.

ఇంతలో జడ్జి వచ్చింది. వెనకే నాన్న నిలబడ్డాడు.

"ఇది ఏ రంగులో ఉండేది?" అని అడిగింది జడ్జి.

ఏదో ఒక రంగు చెప్పెయ్యమని నాన్న కళ్ళతోనే సైగ చేస్తున్నాడు.

"తెలీదు మేడమ్. ఎవరికీ తెలీదు. దొరికింది పళ్ళే" అంది చరిత.

నాన్న మొహం వాడిపోయింది. జడ్జి ఏదో రాసుకుని వెళ్ళిపోయింది. మంచిగా రాసిందో చెడుగా రాసిందో అర్థం కాలేదు.

చరిత ఇషా దగ్గరికి పరుగెత్తింది. "సారీ ఇషా. ఆ తోక నేను కల్పించి చెప్పా."

"మరి నిజంగా తోక లేదా?"

"ఏమో, ఉండొచ్చు. నీకెలా అనిపిస్తే అలా వెయ్యి."

ఇషా ఆలోచనలో పడింది. ఆ తోకని తుడిచేసి పొట్టి తోక గీసింది.

చరిత తిరిగొచ్చి మార్కర్ తీసింది. బొమ్మ కింద పెద్ద అక్షరాలతో 'ఇది మా ఊహ' అని ఇంగ్లీషులో రాసింది. నాన్న దగ్గరికొచ్చాడు. ఆమె రాయడం పూర్తయ్యేదాకా మార్కర్ మూత పట్టుకుని నిలబడ్డాడు.