ఆపినా ఆరని బల్బు

శ్రీనివాసపురం దాటినాక, మామిడి తోపు అంచున ఆవులప్ప రేకుల షెడ్డు ఉంది. రాత్రిళ్ళు దాని పక్కనుంచి లారీవాళ్ళు కూడా హారన్ కొట్టకుండా పోతారట. కాయల కాలంలో పగలంతా కిటకిటలాడే చోటే. చీకటి పడితే మాత్రం... తలుపుకు తాళం ఉంటుంది, లోపల స్విచ్చి ఆపే ఉంటుంది, అయినా పైన బల్బు వెలుగుతుంది. పూర్తిగా కాదు — చచ్చీ చావని కన్నులాగా, సన్నగా.

ఆ బల్బు కిందే రూబెన్ పోయాడు. కేజీఎఫ్ పిల్లవాడు, కొత్తగా పెళ్ళయినవాడు, వైరింగు కాంట్రాక్టరు జగదీష్ దగ్గర పనిచేసేవాడు. ఇనుప నిచ్చెన ఎక్కి హోల్డరు విప్పబోతే కరెంటు పట్టేసింది.

"తాగి ఎక్కినాడు. స్విచ్చి ఆపలేదు. నేను ఆ పొద్దు బంగారుపేటలో ఉన్నా," అని జగదీష్ ఊరంతా చెప్పుకున్నాడు. అందరూ నమ్మారు, రూబెన్ భార్య షెరిన్ తప్ప. ఆమె ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి కరెంటు ఇన్‌స్పెక్టరు వచ్చి వైరింగు చూసేలా చేసింది. రేపే వస్తాడు. తప్పు బయటపడితే జగదీష్ లైసెన్సు పోతుంది. జైలు కూడా తప్పదు.

అందుకే ఈ రాత్రి జగదీష్ ఒక్కడే వచ్చాడు.

అతనికి దెయ్యాల మీద నమ్మకం లేదు. ఆ వెలుగేమిటో తెలుసు. స్విచ్చి ఎప్పుడూ ఫేజులో ఉండాలి — అంటే కరెంటు వచ్చే తీగలో. ఈ షెడ్డుకు వైరింగు చేసినప్పుడు, సీజను తొందరలో ఎర్ర వైరు చుట్ట ఒక్కటే చేతిలో ఉంటే, న్యూట్రల్‌కు, అంటే కరెంటు తిరిగిపోయే తీగకు, వాడే నల్లదాని కోసం మళ్ళీ ఎవడు పోతాడని రెండింటికీ ఎర్రదే లాగేశాడు. ఏది ఏదో కలిసిపోయింది. స్విచ్చి న్యూట్రల్‌లో పడింది. ఆపితే బల్బు ఆరినట్టే ఉంటుంది, హోల్డరులో మాత్రం కరెంటు అలాగే కాచుకొని ఉంటుంది. దాని చలవతోనే ఎల్‌ఈడీ మిణుకుమంటుంది.

రెండు తీగలు మార్చేస్తే చాలు. తప్పు చచ్చినవాడిదే అవుతుంది.

వెనక వదులుగా ఉన్న రేకు జరిపి లోపలికి దూరాడు. మెయిన్ దగ్గర ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. ఇక ఏ తీగ పట్టుకున్నా భయం లేదు... తల ఎత్తి చూశాడు.

బల్బు వెలుగుతూనే ఉంది.

ఫ్యూజు పీకినాక ఎట్లా...

నిచ్చెన కిర్రుమంది.

"అన్నా..." చెవి పక్కనే, ఊపిరంత మెల్లగా. "ఆఫ్ చేసినావా?"

జగదీష్ కదల్లేదు. కదిలితే ఏది తగులుతుందో అని భయం.

"అన్నా... ఆఫ్ చేసినావా? ఎక్కనా?"

"చేసినానురా!" గోడలు అదిరేలా అరిచాడు. "ఆ పొద్దూ నేనే ఆపినా! నేనే ఎక్కమన్నా! టెస్టరు పెట్టి చూడలేదురా... నన్ను వదిలెయ్!"

తలుపు భళ్ళున తెరుచుకుంది. టార్చి వెలుగు మొహాన పడింది. ముందు ఆవులప్ప, వెనక షెరిన్.

"ఏమప్పా జగదీశా," అన్నాడు ఆవులప్ప, "బంగారుపేట ఇంత దగ్గరికి వచ్చేసినాదా?"

షెరిన్ ఫ్యూజు లేని మెయిన్ వైపు, పైన బల్బు వైపు చూసింది. "ఇన్‌స్పెక్టరు కంటే ముందు నువ్వొస్తావని తెలుసు. పొద్దుగూకినప్పటి నుంచీ కాచుకొని ఉండాం. ఫ్యూజు పీకినా వెలుగుతా ఉండాదని బెదిరినావా? అది కూడా న్యూట్రల్‌లోనే వేసినావు. ఇంగ యాడ ఆపినా పైన కరెంటు ఉంటాది. నేనిప్పుడు వైర్‌మన్ పరీక్షకు చదువుతా ఉండా. ఈ పాఠం మొదట్లోనే వస్తాది." ఒక అడుగు ముందుకు వేసింది. "ఇప్పుడు అరిచిందంతా రేపు ఆయన ముందర చెప్తావు. నువ్వు చెప్పకుంటే మేమిద్దరం చెప్తాం."

జగదీష్ కూలబడ్డాడు. పట్టుబడ్డాననే భయం కంటే, దెయ్యం కాదన్న ఊరటే ముందు వచ్చింది. నవ్వబోయాడు.

"నువ్వేనా తల్లీ... చెవి కాడికొచ్చి, ఆఫ్ చేసినావా అన్నా అని అడిగి, నా చేత చెప్పించింది నువ్వేనా?"

ఆవులప్ప టార్చిని నిచ్చెన వైపు తిప్పాడు.

"మేం తలుపు బయటే ఉండాం," అంది షెరిన్. "మాకు నీ గొంతొక్కటే వినబడింది."