తీన్మార్ ఎవరు కొట్టమన్నరు?

ఏసీ బాక్స్‌లో కూర్చున్న పెద్దమనుషులారా, ఈ పాపం మీది!

గోల్‌కీపర్ ఎరిక్‌ది కాదు. మీది!

అల్వాల్‌లో వాళ్లింటి కిటికీ అద్దం పగలగొట్టింది అభిమానులే కావచ్చు. గోడ మీద నల్ల రంగుతో 'అమ్ముడుపోయినోడు' అని రాసింది కాలనీ పోరగాళ్లే కావచ్చు. కానీ వాళ్ల చేతికి రాయి ఇచ్చింది మీరు. సీజన్ పొడుగునా టీవీలో ఒక్కడి ముఖాన్నే చూపించి, దొంగ వీడే అనిపించింది మీరు!

గోడ ఖరాబు చేశారు... సరే.

ఇప్పుడు వాడి అక్కను ఎందుకు తరుముతున్నారు?

సలోమి ఉరుకుతోంది.

స్టాండ్ కింద చీకటి వరండా. భుజాన డప్పు. అడుగడుక్కీ మోకాలికి కొట్టుకుంటోంది. వెనక ఇద్దరు బౌన్సర్లు. నల్ల టీషర్టులు. బూట్ల చప్పుడు దగ్గరికొస్తోంది...

పైన వేలమంది అరుస్తున్నారు. ఆ అదురుకు సిమెంట్ కప్పు నుంచి పెచ్చులు రాలుతున్నాయి.

"ఏయ్ డప్పూ! ఆగు!"

ఆగదు!

నడుముకు వాకీటాకీ. టీషర్టు కింద గరగరలాడుతోంది. జ్ఞానశేఖర్ గొంతు! సికింద్రాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ లష్కర్ యునైటెడ్‌లో అభిమానుల వ్యవహారమంతా చూసే మేనేజర్. దరువు ఎప్పుడు మార్చాలో చెప్పడానికి సీజన్ మొదట్లో ఆ వాకీటాకీ ఆమెకు ఇచ్చింది వాడే. ఆ సంగతే మర్చిపోయాడు.

"డప్పు గుంజుకోండ్రి. గేటు బయట పడెయ్యండ్రి. సౌండ్ రూమ్... వింటున్నవా? ఎనభై అయిదో నిమిషంల రికార్డింగ్ పెట్టు. తీన్మార్. ఫుల్ వాల్యూమ్!"

"ఓకే సర్."



డప్పు లేకపోయినా పని ఆపరన్నమాట!

మెట్ల సందులోంచి స్కోర్‌బోర్డు కనిపించింది. ఒకటి - ఒకటి. డెబ్బై తొమ్మిదో నిమిషం.

సీజన్‌లో ఇదే ఆఖరి మ్యాచ్. డ్రా అయినా చాలు, లష్కర్ దేశంలోని పెద్ద లీగ్‌లోనే ఉంటుంది. ఓడితే కింది డివిజన్‌కు! ఇంకొక్క గోల్ పడితే ఎరిక్ బతుకు ఖతం. రేపు పొద్దున లీగ్ ఎంక్వైరీకి ఆఖరి రోజు. 'అనుమానం రుజువైంది' అని రాసి, జన్మలో గ్లౌజులు తొడగనివ్వరు.

ఉరుకు సలోమీ!

ఇదంతా ఇయ్యాల పొద్దున షురూ అయ్యింది.

కిట్ బ్యాగు భుజాన వేసుకుని, గుమ్మం దాటబోతూ ఎరిక్ ఆగాడు. అక్క ముఖం చూడలేదు.

"అక్కా, ఇయ్యాల నువ్వు రాకు. డప్పు కొట్టకు."

"ఎందుకురా?"

గేటు చప్పుడొక్కటే.

గోల్ తిన్న ప్రతి వీడియో వాడు మళ్లీ మళ్లీ చూస్తాడు. సౌండ్ బంద్ చేసి. కామెంటరీలో తిట్లు వినలేక. వాడు వెళ్లాక టీవీలో అవే గోల్స్ తిరుగుతున్నాయి. మూగగా.

సలోమి రిమోట్ తీసుకుంది. సౌండ్ పెంచింది.

మర్ఫా దరువు వినిపించింది. తను కొట్టిందే! మ్యాచ్ అంతా కొట్టేది అదే. ఉన్నట్టుండి దరువు మారింది...

తీన్మార్!

ఆ వెంటనే గోల్.

ఇంకో వీడియో. మర్ఫా... మర్ఫా... తీన్మార్. గోల్!

ఇంకోటి. అదే!



మైదానంలో ఉన్నోడికి ఫోన్ ఉండదు. చెవిలో మిషన్ ఉండదు. 'ఇప్పుడు వదిలెయ్యి' అని లోపలికి ఎట్ల చెప్తరు?

డప్పుతో చెప్తరు!

ఎవడికి అనుమానం వస్తుంది? సికింద్రాబాద్‌లో తీన్మార్ మోగితే పెండ్లి ఊరేగింపుకు అడ్డమొచ్చిన బస్సు డ్రైవర్ సుత సీట్లోనే భుజాలు ఊపుతాడు. దాంట్లో దొంగతనం ఉందని ఎవడు అనుకుంటాడు?

మరి ఎరిక్ ఎందుకు కొట్టొద్దన్నాడు?

వాడికి తెలుసా?

ఎట్ల తెలుసు?

ఆ సిగ్నల్ వాడికేనా...?

అయినా డప్పు పట్టుకుని మ్యాచ్‌కు వచ్చింది. హాఫ్ టైంలో ఉండబట్టలేక జ్ఞానశేఖర్‌ను మెట్ల దగ్గర పట్టుకుంది.

"సర్, తీన్మార్ ఎప్పుడు కొట్టాల్నో మీకెవరు చెప్తరు?"

"టీవీ వాళ్లమ్మా. కెమెరా మీ దిక్కు తిరిగినప్పుడు జోష్ ఉండాలె కద!" నవ్వాడు.

"రీప్లేలు చూసిన సర్. తీన్మార్ కొట్టినప్పుడు కెమెరా మా దిక్కు ఒక్కసారి సుత తిరగలే."

నవ్వు ఆరిపోయింది. కళ్లు పైకి పోయాయి. ఏసీ బాక్స్ అద్దాల వైపు... ఒక్క క్షణమే!

"డప్పు ఇటియ్యి."

అంతే. రెండు చేతులు వెనకనుంచి పట్టుకున్నాయి. స్టోర్ రూమ్‌లోకి తోసి తాళం వేశారు. పాత ఫ్లెక్సీలు, విరిగిన కుర్చీలు. డప్పు సుత అక్కడే పడేశారు.

మూర్ఖులు!

కుర్చీల మీద కుర్చీలు వేసి వెంటిలేటర్ జాలీ ఊడబీకేసరికి రెండో సగం చాలావరకు అయిపోయింది. మోచెయ్యి చీరుకుపోయింది. దూకింది. బౌన్సర్లు చూశారు!

అందుకే ఈ ఉరుకుడు.

ఒక్కటే దారి. వాళ్ల టైం రాకముందే కొట్టాలి. ఇప్పుడే! తీన్మార్ వినగానే ఆట వదిలేసేవాడెవడో వాడే దొంగ.

వాడు ఎరిక్ అయితే?



అయితే కానీ! తమ్ముడైనా సరే. తెలియాలి!

మెట్లెక్కింది. గోల్ వెనకాల స్టాండ్. ఫ్లడ్‌లైట్ల వెలుగు కళ్లలో కొట్టింది. మనుషులు... జెండాలు... చెమట... పల్లీల వాసన.

"ఏం సలోమీ!" మెట్టు మీంచి కేక. మారేడ్‌పల్లి దేవమ్మ. అరవై దాటినా ఒక్క మ్యాచ్ వదలని మనిషి. "నీ తమ్ముడు గ్లౌజులకు నెయ్యి రాసుకొచ్చిండా ఇయ్యాల గూడ?"

"దేవమ్మత్తా, జెర జరుగు! నా వెంట పడ్డరు!"

"ఎందుకట?"

"తీన్మార్ కొడతనని!"

"ఏందీ?" దేవమ్మ కొంగు దోపింది. "లష్కర్ల తీన్మార్ కొట్టుడు సుత తప్పేనా? నువ్వు పో బిడ్డా."

మెట్టుకు అడ్డంగా కాళ్లు చాపుకుని కూర్చుంది.

"లెవ్వమ్మా! లెవ్వు!" బౌన్సర్ రొప్పుతున్నాడు.

"మోకాళ్ల నొప్పులు నాయనా. లేపు. రెండు చేతులతోని మంచిగ పట్టుకుని లేపు. పడేస్తివా... ఈడున్నోళ్లంతా చూస్తున్నరు!"

చుట్టూ నవ్వులు. ఈలలు. బౌన్సర్ చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

సలోమి కంచె దగ్గరికి చేరింది. కింద గోల్‌పోస్టు. ఎరిక్ వీపు. పసుపు జెర్సీ. వీపంతా తడి.

ఎనభై ఒకటో నిమిషం.

అవతలి టీమ్ దాడికొస్తోంది. బంతి వాళ్ల స్ట్రైకర్ కాలికి. వాడికి ఎరిక్‌కు మధ్య ఒక్కడే... కెప్టెన్ రాఘవేందర్!

రాఘవేందర్ ఉంటే భయం లేదు. చిన్నప్పుడు ఎరిక్‌కు బంతి పట్టుడు నేర్పింది ఆయనే. మొన్న టీవీలో సుత అన్నాడు: "ఎరిక్ నాకు తమ్ముడసుంటోడు. కానీ తప్పు చేస్తే నేనైనా కాపాడలేను."

సలోమి ఆయన్ను చూడలేదు. ఎరిక్ కాళ్లనే చూస్తోంది.

కదలకు రా... మెడ తిప్పకు. నీకేం తెలియదని చూపించు!

డప్పు ఎత్తింది. ప్లాస్టిక్ డప్పు. తోలు డప్పు కాచుకోవడానికి స్టేడియంలో నిప్పు పెట్టనివ్వరు. దీని మోత ఇంకా కటువు.

కొట్టింది!

తీన్మార్!

స్టాండ్ ఒక్కసారిగా లేచింది. వేల కాళ్లు. సిమెంట్ ఊగుతోంది.

ఎరిక్ తల గిర్రున వెనక్కి తిరిగింది!

నేరుగా అక్క కళ్లలోకి చూశాడు.

విన్నాడు... వాడికి తెలుసు... వాడే!

చేతిలో కట్టె జారబోయింది. కొడుతూనే ఉంది. కళ్లు మసకబారుతున్నాయి. కొడుతూనే ఉంది...

అప్పుడు ఎరిక్ ముందుకు దూకాడు.

గోల్ వదిలేసి! బంతి ఇంకా అంత దూరంలో ఉండగానే! పిచ్చోడిలా ముందుకు ఉరుకుతున్నాడు!

"ఏడికి పోతున్నవ్ రా!" స్టాండ్ అంతా గగ్గోలు.

సలోమి కళ్లు తుడుచుకుంది. చూసింది.

స్ట్రైకర్ పక్కనే పరుగెత్తుతున్న రాఘవేందర్... నెమ్మదించాడు.

ఒక్క అడుగు. కుడిపక్కకు. అంతే!

దారి బార్లా తెరుచుకుంది.

ఎవరికీ కనిపించని అడుగు. గోల్ పడితే కనిపించేది కీపర్ ఒక్కడే. తిట్లు వాడికే. రాళ్లు వాడికే!

స్ట్రైకర్ ఒంటరిగా వచ్చేశాడు. కాలు లేపాడు...

ఎరిక్ అప్పటికే అక్కడున్నాడు! కాళ్ల మీద పడ్డాడు!

ధడ్!

బంతి ఛాతీకి తగిలి బయటికెళ్లింది. బూటు వాడి మొహానికి తగిలింది. రిఫరీ విజిల్! ఆట ఆగింది.

నడుముకున్న వాకీటాకీ అరుస్తోంది.

"ఎవడు కొట్టమన్నడు? ఎవడు కొట్టమన్నడ్రా!"

సలోమి పక్కవాడి చేతిలో మెగాఫోన్ గుంజుకుంది. వాకీటాకీని దాని మూతికి ఆనించింది. మీట నొక్కింది.

జ్ఞానశేఖర్ గొంతు స్టాండ్ అంతా మోగింది.

"ఆపండ్రి దాన్ని! కెప్టెన్ సిగ్నల్ అనుకున్నడు! ఇప్పుడే వదిలేసిండు! సౌండ్ రూమ్‌కు ఎనభై అయిదు అని చెప్పినం కద! పైన బాక్స్‌ల పందెం కాసి కూసున్న సార్‌కు నేనేం జవాబు చెప్పాలె?"



జెండాలు దిగాయి.

"రాఘవేందరా?" దేవమ్మ అంది. అరవలేదు. ఆ మాట మెట్టు మెట్టుకూ పాకింది. రాఘవేందర్... రాఘవేందర్... రాఘవేందర్!

ఎరిక్ లేచి కంచె దాకా వచ్చాడు. పెదవి చిట్లింది. నెత్తురు గడ్డం మీదికి కారుతోంది.

"అక్కా... నీకు తెల్వదా?"

"ఏందిరా?"

"దరువు మారినప్పుడల్లా మనోడెవడో దారిస్తున్నడని పోయిన నెల తెలిసింది. ఎవడో దొరకలే. కొట్టేది మాత్రం నువ్వు. నువ్వు సుత వాళ్లతోని కలిసినవనుకున్న."

"అందుకేనా ఎంక్వైరీల నోరు మూసుకున్నవ్?"

గ్లౌజుతో మూతి తుడుచుకున్నాడు. "నీ పేరు ఎట్ల చెప్తనే?"

సలోమికి ఏడుపు, కోపం రెండూ ఒక్కసారే వచ్చాయి.

"గాడిద! నేను నువ్వనుకున్న!"

వాడు నవ్వబోయాడు. పెదవి నొప్పి పెట్టింది.

ఇద్దరు. ఒకే ఇల్లు. ఒకే గిన్నెలో అన్నం. నెల నుంచి వాడు అక్కను దొంగ అనుకుంటూ తిన్నాడు, పొద్దుటి నుంచి అక్క వాణ్ణి దొంగ అనుకుంది! కిటికీ అద్దం వేయించొచ్చు. ఇది ఎవడు బాగు చేస్తాడు?

రిఫరీ పరుగెత్తుకొస్తున్నాడు. ఫిజియో వస్తున్నాడు. స్కోర్‌బోర్డు మీద అంకె మారింది.

ఎనభై అయిదు.

తలుపులు మూసిన సౌండ్ రూమ్‌లో ఉన్నవాడికి బయట ఏం జరిగిందో తెలియదు, రికార్డింగ్ ఆపమని ఎవరూ చెప్పలేదు. చెప్పిన టైంకు చెప్పిన బటన్ నొక్కాడు.

స్టేడియం నలుమూలలా స్పీకర్లు పేలాయి.

తీన్మార్! ఫుల్ వాల్యూమ్!

ఒక్క కాలు కదల్లేదు.

సికింద్రాబాద్‌లో తీన్మార్ మోగుతోంది... వేలమంది నిలబడి ఉన్నారు... రాళ్లలాగ! అందరి చూపులూ ఒక్కడి మీదే.

రాఘవేందర్ చేతికున్న కెప్టెన్ పట్టీ విప్పాడు. గడ్డిలో కూలబడ్డాడు. చెవులు రెండూ మూసుకున్నాడు.

పైన ఏసీ బాక్స్‌లో కదలిక. కోటు సర్దుకుంటున్నాడు క్లబ్ ఓనర్. తలుపు వైపు నడుస్తున్నాడు. వెనకాలే జ్ఞానశేఖర్!

ధన్!!

తుపాకీ పేలినట్టయ్యింది. అందరూ ఉలిక్కిపడ్డారు.

ఏసీ బాక్స్ మెట్ల కింద ఇనుప గేటు. మూసింది ఆ బౌన్సరే! ఇందాక సలోమిని తరిమినవాడే. గడియ పెట్టి, వీపు ఆనించి నిలబడ్డాడు. దేవమ్మ వైపు చూసి తల దించుకున్నాడు.

సలోమి మెగాఫోన్ ఎత్తింది.

"అన్ని గేట్లు మూయండ్రి! ఆ బాక్స్‌లకెల్లి ఒక్క మనిషి సుత బయటికి పోవద్దు! జ్ఞానశేఖర్ ఫోన్ ఈడనే, మా అందరి ముందట, పోలీసుల చేతికి ఇయ్యాలె! రేపటి ఎంక్వైరీ బంద్ గది లోపల కాదు, ఈ గ్రౌండ్ల పెట్టాలె! మా ఇంటి గోడ మీది రాత ఓనరే వచ్చి తన చేతులతోని తుడవాలె!"

ఊపిరి పీల్చుకుంది.

"కేసు రాయండ్రి! మొదటి పేరు నాది. డప్పు కొట్టింది నేనే. రెండోది రాఘవేందర్. మూడోది జ్ఞానశేఖర్. నాలుగో పేరు..."

కట్టెను నేరుగా ఏసీ బాక్స్ వైపు చూపించింది.

"కిందికి దిగు! నీ నోటితోని నువ్వే చెప్పు! ఇప్పుడే!"