రోజుకో ఫొటో

పెట్టె మూత తీశాను. లోపల ఒక్క తేనెటీగ కూడా లేదు. ఖాళీ తేనెపట్టు మీద చీమలు తిరుగుతున్నాయి.

నిన్న పొద్దున ఫొటో తీసినప్పుడు ఉన్నాయే! ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి పెట్టె తుడవడానికి దొడ్లోకి వచ్చాను. దేవుడు వెంటనే లెక్క చూసుకున్నాడు.

ఫోన్ మోగింది. ఆనందకుమారి మెసేజ్. "ఆరాధన అయిపోయింది. వస్తుండా. నా బిడ్డల్ని చూడాల." తేనెటీగల్ని ఆమె బిడ్డలనే అంటుంది.

అయిపోయావురా టైటస్, అనుకున్నాను.

జువ్వలదిన్నె హార్బర్‌లో బోటు ఇంజన్లు బాగుచేసే నాకు తేనెటీగల సంగతేం తెలుసు? ఆనందకుమారి వాళ్ల మునగతోటలో మోటారు చూడ్డానికి వెళ్లి, "ఈ ఈగల్తో ఏం పని?" అన్నాను. "ముందు మర్యాదగా మాట్లాడు!" అని కసురుకుంది. ఆ కసురుకే పడిపోయాను. రెండు నెలల తర్వాత ఈ పెట్టె నా చేతుల్లో పెట్టింది. "నాన్న పోయినాక ఎవురికీ ఇవ్వలా. నీకిస్తుండా" అంది.

ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని చెప్పను? జన్మలో మాట్లాడుతుందా?

స్కూటీ ఆగింది.

"ఏంది, ముఖం అట్టుండాది? జొరమా?" అంటూ నేరుగా పెట్టె దగ్గరికి వెళ్లి మూత ఎత్తింది. తిడుతుందేమోనని కాచుకున్నాను.

"పక్క తోటలో మధుబాబన్న పురుగుల మందేమన్నా కొట్టినాడా?" మెల్లగా అడిగింది.

ఊ అంటే చాలు, బయటపడతాను.

"లేదు. నేనే. రోజూ మూత తీసినా."

"ఎందుకు తీసినావు?"

"నీకు ఫొటో పంపేదానికి. అది లేకపోతే నీతో మాట్లాడేదానికి నాకేం సాకుంది కుమారీ?"

ఆమె పట్టును ఎత్తి చూసి, అక్కడే కూలబడింది.

"మందయితే కింద చచ్చి పడుండేవి. ఇవి ఇల్లొదిలి పోయినాయి. దినామూ ఎవురో పైకప్పెత్తి చూస్తా ఉంటే నువ్వుంటావా?"

"మరి మందు సంగతి ఎందుకడిగినావు?"

"మందయితే తప్పు మనది కాకుండా పోతాదని." కళ్లు తుడుచుకుంది. "ఫొటోలు చూసినప్పుడే నాకు తెలుసు టైటస్, దినామూ తీస్తుండావని. తియ్యొద్దని చెప్తే ఫొటోలు ఆగిపోతాయని చెప్పలా."

ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె పట్టు మీది చీమలు దులిపి, పెట్టె మూత వేసింది.

"ఇంకో పెట్టె ఇస్తా," అంది. "పది దినాలకొకసారే తియ్యాల. అదీ నేనున్నప్పుడే."

"మరి ఫొటో?"

"ఫొటోల్లేవు, గీటోల్లేవు. నాతో మాట్లాడాలంటే ఇంటికొచ్చి మాయమ్మ ముందర కూర్చో."

"మీయమ్మ ముందరా?"

పొద్దున పెట్టె ఖాళీగా కనిపించినప్పుడు కూడా అంత భయం వేయలేదు. సాయంత్రమే తల దువ్వుకుని, ఫోన్ ఇంట్లో పెట్టేసి వాళ్లింటికి వెళ్లాను.