ఎనిమిదిలో ఆరు పుంజులు

చంకలో పుంజుతో కొట్టు మెట్లెక్కి, దాన్ని అమాంతం బల్ల మీద నిలబెట్టింది ఆమె.

"ఇదేమిటో చెప్పండి."

కోడిపిల్లలూ దాణా అమ్మే కొట్టది. దాణా తూస్తున్న కొట్టు అబ్బాయి తలెత్తి చూశాడు. ఎర్రటి తురాయి, మెడ నిండా మెరిసే ఈకలు, వంపు తిరిగిన తోక. సందేహపడడానికి ఏమీ లేదు.

"పుంజండి."

"నాలుగు నెలల కిందట దీన్ని పెట్ట అని నాకమ్మింది ఎవరు?"

అతను నోరు తెరిచేలోపే పుంజు మెడ చాచి గట్టిగా కూసింది. దాణాకొచ్చిన ఇద్దరు ఫక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు. బట్టలు కుట్టే ఆ అమ్మాయిని వీధిలో అందరూ మిరపకాయ అంటారు, ఆమె వినకుండా.

"కాస్త మెల్లిగా మాట్లాడండి," అన్నాడతను లోపలి గది వైపు చూస్తూ.

కోపంలో ఉన్న మనిషితో అనకూడని మాట ఏదైనా ఉంటే అది అదే.

"ఎందుకు మెల్లిగా? ఎనిమిది పెట్టపిల్లలన్నారు. ఆరు పుంజులయ్యాయి. ఒకటైతే పొరపాటు, రెండైతే గ్రహపాటు. ఆరేమిటండీ? కళ్ళు ఎక్కడ పెట్టుకుని ఏరారు?"

ఆ మాటకు అతని ముఖం చిన్నబోయింది. "సాయంత్రం నేనే మీ ఇంటికొచ్చి ఆరింటినీ పట్టుకెళ్తాను. బదులు పెట్టలిస్తాను. ఇక్కడికి మాత్రం తేకండి."

"ఓహో, గుట్టుచప్పుడు కాకుండానా? కుదరదు. తప్పు మాదేనని ఇక్కడే నలుగురి ముందు చెప్పండి."

"అదొక్కటీ అడక్కండి."

"అయితే అదే అడుగుతాను."

అడిగింది కూడా. ఆ వారమంతా మధ్యాహ్నం మిషను ఆపేసి, రోజుకొక పుంజును చంకన పెట్టుకుని కొట్టుకు వెళ్ళింది. అతను రోజూ తిట్లు తిన్నాడు. రోజూ "మెల్లిగా" అన్నాడు.

ఇల్లు మేనత్తది. ముందు గదిలో కుట్టు మిషను, నడిమి గదిలో అత్త. పెరడు మాత్రం మిరపకాయది. పొద్దున గూడు తలుపు తీస్తే కాళ్ళకు అడ్డం పడే కోళ్ళు, నూకలు చల్లడం, నీళ్ళ చిప్ప కడగడం, గడ్డిలో చెయ్యి పెట్టి వెచ్చటి గుడ్డు తడుముకోవడం. రోజు మొత్తంలో ఆ అరగంటే ఆమె ఎవరి మీదా కోపపడదు.

ఇప్పుడు ఆ అరగంట కూడా పోయింది. ఆరు పుంజులూ ఒకదాన్నొకటి నెత్తురు కారేలా పొడుచుకుంటున్నాయి. పాత పెట్టల్ని మూలమూలకూ తరిమి వీపున ఈకలు పీకేస్తున్నాయి. పక్కింటి నర్సు రాత్రి డ్యూటీ ముగించుకొచ్చి నడుం వాల్చే వేళకు వంతులేసుకుని కూస్తున్నాయి.

"ఆ నర్సు పిల్ల కళ్ళు చూశావుటే? గుంటలు పడ్డాయి," అంది అత్త. "ఆదివారం లోపు పుంజులు పోవాలి. లేదంటే కోళ్ళ బండివాణ్ణి పిలిచి పెట్టల్నీ గూడునీ అన్నీ కలిపి ఇచ్చేస్తాను."

"పెట్టలేం చేశాయత్తా?"

"పుంజుల్ని పంపేయవే అంటే పంతం పడతావు. నీతో పడలేక చెబుతున్నాను. ఇంక మాట్లాడకు."

శుక్రవారం సాయంత్రం జోరుగా వాన. కొట్టు అబ్బాయి నెత్తిన ఖాళీ గంప బోర్లించుకుని పెరటి తలుపు దగ్గరకొచ్చాడు. సరిగ్గా అప్పుడే ఒక పుంజు నర్సు ఇంటి గోడెక్కింది. మిరపకాయ చీపురు తీసేలోపే అతను చెయ్యి చాచి, ఒక్క ఈక కూడా రాలకుండా రెండు కాళ్ళూ పట్టి దించాడు.

"పుంజుకీ పెట్టకీ తేడా తెలియదు గాని, పట్టడం బాగానే వచ్చు," అంది ఆమె.

అతను తడిసిన జుట్టు వెనక్కి తోసుకుని నవ్వాడు. ఆ నవ్వు బాగుందని ఆమెకు అనిపించింది. దాంతో ఇంకా చిర్రెత్తింది.

"ఇచ్చేయండి, తీసుకెళ్తాను," అన్నాడతను. "పంతం దేనికండీ?"

"పంతం నాదా? ఒక్క మాట నలుగురిలో ఒప్పుకోలేని మీదా? రేపు పొద్దున్నే ఆరింటినీ మీ కొట్టు ముందు దింపుతాను. ఊరంతా చూస్తుంది."

"పొద్దున వద్దు. మధ్యాహ్నమైతే నాన్న లోపల నిద్రపోతుంటారు, పొద్దున మేలుకుని ఉంటారు."

"అందుకే పొద్దున."

శనివారం తెల్లవారగానే ఆరింటినీ రెండు గంపల్లో మూసి, బండి మీద కొట్టుకు చేరింది. ముందు తలుపు ఇంకా తీయలేదు. సందులోంచి వెనక్కి తిరిగి, వాకిట్లోకి అడుగు పెట్టబోయి ఆగిపోయింది.

పెద్దాయన పీట మీద కూర్చుని కోడిపిల్లల్ని ఏరుతున్నాడు. ఒక్కోదాన్నీ అరచేతిలోకి తీసుకుని, బొటనవేలితో రెక్క విప్పి, ఈకల పొడవు చూడడానికి దాదాపు కంటికి ఆనించుకుంటున్నాడు. ఎడమ బుట్ట పెట్టలకు, కుడి బుట్ట పుంజులకు. వెనక నిలబడిన కొడుకు వంగి, చప్పుడు కాకుండా ఎడమ బుట్టలోంచి ఒకదాన్ని తీసి కుడిదాంట్లో వేశాడు. కుడిదాంట్లోంచి రెండు ఎడమదాంట్లోకి. ఒకటి కీచుమంది.

"ఏమిట్రా అది?"

"నీళ్ళు పెడుతున్నా నాన్నా."

మిరపకాయకు నాలుగు నెలల కిందటి సంగతి కళ్ళ ముందు కదిలింది. ఆ రోజు ఈ పీట పక్కనే నిలబడింది తను. ఇతను బుట్టలో చెయ్యి పెట్టబోతే, "పెద్దాయన ఏరినవే కావాలి, ఒక్కటి మార్చినా ఊరుకోను," అని గదమాయించింది. పాపం, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆమెను చూసి అతను గబగబా సందులోకి వచ్చాడు.

"ఎన్నాళ్ళుగా?" అని గొంతు తగ్గించి అడిగింది.

"ఏడాది కావస్తోంది. ఇంక చూపు రాదన్నారు డాక్టర్లు."

"మరి ఏరడంలో తప్పులు పోతున్నాయని ఆయనకు చెప్పొచ్చుగా?"

"ఎలా చెప్పను? నలభై ఏళ్ళుగా జనం ఆయన చేతిని నమ్మి వస్తున్నారు. ఆ పీట మీంచి లేపితే ఆయనకేం మిగులుతుందండీ?"

"వారం రోజులు నోటికొచ్చినట్టు తిట్టాను. అన్నీ పడి ఊరుకున్నారా?"

"నన్నేగా తిట్టారు. ఆయన్ని కాదుగా."

ఇంకొకరైతే జాలి పడేవారేమో. ఆమెకు మాత్రం పట్టరాని కోపం వచ్చింది. అతని మీద, అతని ఓర్పు మీద, అన్నిటికంటే తన నోటి మీద.

ఇంతలో గంపలో పుంజు కూసింది. రెండోది అందుకుంది. పెద్దాయన గోడ పట్టుకుని బయటికొచ్చాడు. దాణా కోసం వచ్చినవాళ్ళు నలుగురైదుగురు అప్పటికే పోగయ్యారు.

"ఎవరమ్మా? ఈ పుంజులు ఎక్కడివి?" గంపలో చెయ్యి పెట్టి తడిమాడు. "ఇక్కడ కొన్నవేనా?"

కొడుకు ముఖంలో నెత్తుటి చుక్క లేదు. వారం రోజులుగా మిరపకాయ కోరుకున్నది సరిగ్గా ఇదే. జనం ఉన్నారు, యజమాని ఉన్నాడు, రేపు ఆదివారం.

"ఇక్కడివేనండీ. పెట్టలని ఇచ్చారు."

పుంజు వీపు మీద పెద్దాయన చెయ్యి ఆగిపోయింది. "ఏరింది ఎవరు?" అని చాలా మెల్లిగా అడిగాడు.

"మీ అబ్బాయి," అంది ఆమె. "మీరు ఏరినవే కావాలని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వింటేనా? అన్నీ తెలిసినట్టు తనే ఏరి ఇచ్చారు."

పెద్దాయన గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ తర్వాత కొడుకు మీద విరుచుకుపడ్డాడు.

"ఎనిమిదిలో ఆరురా? గుడ్డివాడు ఏరినా సగం నిలుస్తాయి కదరా. ఇన్నేళ్ళు నా వెనక నిలబడి నేర్చుకున్నది ఇదా?"

"అదీ, అలా అడగండి," అంది మిరపకాయ. ఆమెకు కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. ఎవరైనా చూస్తే కోపమనుకునేవారు.

"సోమవారం నుంచి నా పీట మీద నువ్వు కూర్చో. ప్రతి పిల్లనూ నువ్వే చూడు. నేను పక్కన కూర్చుని నేర్పుతాను. ఇలాగే వదిలేస్తే నా తర్వాత ఈ కొట్టు ఏమైపోతుంది?"

"అలాగే నాన్నా," అన్నాడు కొడుకు తల వంచుకుని. చుట్టూ ఉన్నవాళ్ళు సిగ్గనుకున్నారు.

పుంజుల్ని కోతకు కాకుండా పెంచుకునేవాళ్ళకే ఇస్తానని పెద్దాయన మాటిచ్చాడు. బదులు తమ వాకిట్లో పెరిగి గుడ్లకొచ్చిన ఆరు పెట్టల్ని కొడుకు చేతే పట్టించాడు.

ఆదివారం పెరడు ప్రశాంతంగా ఉంది. నర్సు మధ్యాహ్నం దాకా నిద్రపోయింది. కొత్త పెట్టల్ని చూసి అత్త పల్లెత్తు మాట అనలేదు.

సోమవారం మధ్యాహ్నం అలవాటు వేళకు మిరపకాయ మిషను ఆపింది. పెరట్లోకి వెళ్ళి ఆరు పెట్టల్నీ ఒక్కొక్కటే పట్టి చూసింది. కాళ్ళు బాగున్నాయి, రెక్కలు బాగున్నాయి, రెండు అప్పుడే గుడ్డు కూడా పెట్టాయి. ఎంత వెతికినా ఒక్క లోపం దొరకలేదు. చీర మార్చుకుని వట్టి చేతులతో బయల్దేరింది.

అతను పీట మీద ఉన్నాడు. "రెక్క పూర్తిగా విప్పరా," అంటున్నాడు పక్కన కూర్చున్న పెద్దాయన.

"ఇవాళ తప్పేమిటండీ?" అని అడిగాడతను ఆమెను చూసి, భయంభయంగా.

"ఏమీ లేదు."

"మరి ఎందుకొచ్చారు?"

మిరపకాయ ముఖం జేవురించింది. "నిన్న కొట్టు సెలవని తెలిసి కూడా ఈ వేళకు మిషను దగ్గర కూర్చోలేకపోయాను. ఇవాళా కూర్చోలేకపోయాను. ఇదంతా మీ వల్లే. నాకు చాలా కోపంగా ఉంది."

అతని చేతిలో కోడిపిల్ల అలాగే ఉండిపోయింది. ఏ బుట్టలో వెయ్యాలో అతనికి తోచలేదు.

"ఆ అమ్మాయిని ఎంతసేపు నిలబెడతావురా?" అన్నాడు పెద్దాయన. "లోపల ఇంకో పీట ఉంది, తెచ్చి వెయ్యి."