'ఫ్లస్టర్'కి మొదటి అర్థం

మా మామగారితో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఆయన ఇంగ్లీషు మాస్టారుగా బడిలో రిటైరయ్యారు గానీ ఇంట్లో కాలేదు. ఫ్యాను ఆగిపోయిందంటే, 'ఫ్యాను' అన్న మాట ఎక్కడ పుట్టిందో చెప్పందే మెకానిక్‌ని పిలవనివ్వరు. ఏ మాటకైనా మొదటి అర్థమే అసలుదట, తర్వాత వచ్చినవన్నీ కల్తీ అట.

ఆయన కళ్లజోడు బాగుచేయించడానికి మా ఆడపడుచు వీధి చివరి షాపుకి వెళ్లింది. షాపతను పెళ్లికాని వాడు. ఎడమ అద్దం కుడివైపు బిగించి ఇచ్చాడు.

"చూసి బిగించరా?"

"మిమ్మల్ని చూస్తూ బిగించానండి. అందుకే ఇలా అయింది."

ఆ తర్వాత ఆరు నెలల్లో ఆ కళ్లజోడు స్క్రూ తొమ్మిదిసార్లు ఊడింది. ఊడదీసేది ఎవరో నాకు తెలుసు. స్క్రూడ్రైవర్ నా కుట్టుమిషను డబ్బాలోదే.

చివరికి అతను ధైర్యం చేసి, మాస్టారు కదా అని ఇంగ్లీషులోనే మామగారికి ఉత్తరం రాశాడు. మీ అమ్మాయిని చేసుకుంటానన్నాడు. ఆమె షాపులోకి వస్తే చాలు, 'ఫ్లస్టర్' అయిపోతానన్నాడు.

మామగారు తన పాత డిక్షనరీ తీశారు. పూర్వం ఆ మాటకి తాగి మత్తెక్కడమనే అర్థం ఉండేది. కంగారు, తడబాటు తర్వాత వచ్చాయి. ఆయన వేలు మొదటిదాని దగ్గరే ఆగిపోయింది.

"పట్టపగలే తాగుతాడట. తనే రాసుకున్నాడు."

"కంగారుపడతానన్నాడు నాన్నా," అంది కూతురు.

"అది కల్తీ అర్థం."

మా ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. నేను వంటింట్లో గిన్నెలు చప్పుడు చేశాను. నాన్న సరేనంటేనే పెళ్లి, అంది ఆడపడుచు. అతను ఏడాది ఎదురుచూసి, షాపు ఎత్తేసి వేరే ఊరు వెళ్లిపోయాడు. ఆ రోజు ఆమె స్క్రూడ్రైవర్ తెచ్చి నా డబ్బాలో పెట్టేసింది.

మూడేళ్లు గడిచాయి. మొన్న పాత విద్యార్థులు మామగారిని స్టేజీ ఎక్కించి మాట్లాడమన్నారు. ఆయన రెండు ముక్కలు చెప్పి దిగిపోయారు. మర్నాడు వాళ్లకి క్షమాపణ ఉత్తరం చెబుతుంటే కూతురు టైప్ చేస్తోంది.

"అంతమందిని చూసేసరికి నేను ఫ్లస్టర్ అయ్యాను. రాయమ్మా."

ఆమె వేళ్లు ఆగిపోయాయి.

"ఎంత తాగారు నాన్నా?"

ఆమె నవ్వలేదు. ఆయనా నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుస్తూ, "ఆ అబ్బాయి ఇప్పుడెక్కడున్నాడు?" అన్నారు.

"పోయిన నెలే పెళ్లయిందట. వదిన చెప్పింది."

మామగారు నావైపు చూశారు. నేను తలూపాను.

"అతను సరిగ్గానే రాశాడమ్మా," అన్నారాయన. "నేనే తప్పు చదివాను."